కూతకూ విజిల్‌కూ మధ్య: కాలేజీ కబడ్డీలో గాయాలు, మొరటు ఆట

కబడ్డీ నిబంధనల్లో గోళ్ళకు చోటుంది. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోవాలి, ఒంటికి నూనె రాసుకోకూడదు, ఉంగరమో గొలుసో వేసుకుని బరిలోకి దిగకూడదు. మోకాలి ఊసు మాత్రం ఎక్కడా లేదు. నిబంధనలు రూపుదిద్దుకున్న కాలంలో మట్టి మీద గీరుకుపోవడం, రక్కుకోవడం, నోరు మూసేస్తే ఊపిరాడకపోవడం వంటివే కంటికి కనిపించే ప్రమాదాలు. ఆటగాణ్ణి ఏడాదిపాటు ఇంట్లో కూర్చోబెట్టే గాయం లోపల ఎక్కడో ‘టప్’మని తెగుతుందన్న సంగతి ఎమ్మారై యంత్రాలు వచ్చాక గానీ ఇంత స్పష్టంగా తెలియలేదు.

చీరాల, బాపట్ల, పర్చూరు, ఒంగోలు చుట్టుపక్కల కాలేజీ పిల్లలు ఆడే కబడ్డీలో గాయాలు తగ్గాలంటే ముందుగా ఏం చెయ్యాలన్నది ఈ వ్యాసం ప్రశ్న. ఎవరినడిగినా వచ్చే జవాబు ఒకటే: ‘మొరటుగా ఆడేవాణ్ణి బయటికి పంపితే సరి’. ఆ జవాబులో సగమే నిజముందని నా అంచనా. మొరటు ఆట వేరు, గాయం వేరు. అవి కొంతమేర కలుస్తాయి, కొంతమేర కలవవు. నిబంధన ప్రకారం నూటికి నూరుపాళ్ళూ సరైన పట్టులో మోకాలు పోవచ్చు. గొంతు నొక్కినా ఏ దెబ్బా తగలకుండా బయటపడవచ్చు. ఈ రెండింటినీ విడిగా లెక్కపెట్టనంత కాలం ఏ మందు దేనికి పనిచేసిందో చెప్పలేం.

చీరాల 2022 ఏప్రిల్ 4న ప్రకాశం జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఆటకు మాత్రం జిల్లాల హద్దు లేదు. ఇక్కడ రెండు రకాల కబడ్డీ పక్కపక్కనే నడుస్తుంది. ఒకటి వర్సిటీ అంతర్ కళాశాలల పోటీ. రెండోది సంక్రాంతికి ఊళ్ళలో ఫ్లడ్‌లైట్ల కింద నగదు బహుమతులతో జరిగేది. కాలేజీ జెర్సీ వేసుకున్న కుర్రాడే పండక్కి ఊరి జట్టులోనూ కూతకు వెళతాడు. అక్కడ వాచిన మోకాలు సెలవుల తర్వాత కాలేజీ బరిలోకి వస్తుంది. నేలలూ వేర్వేరే. సముద్రం వైపు, వాడరేవు దారిలో, అంతా ఇసుక. పర్చూరు, మార్టూరు వైపు నల్లరేగడి, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. ఇప్పుడు రెంటి మీదా సింథటిక్ మ్యాటు పరుస్తున్నారు.

పాత నిబంధన బరి ఎలా ఉండాలో చెప్పింది: చదునుగా, మెత్తగా, మట్టి, ఎరువు, రంపపు పొట్టు కలిపి. ఆ నేల మీద పాదం కాస్త జారుతుంది. చర్మం గీరుకుపోతుంది గానీ కాలు తిరిగినప్పుడు పాదమూ దానితోపాటు తిరుగుతుంది. మ్యాటు మీద బూటు పట్టేసుకుంటుంది. ఒళ్ళు తిరిగినా పాదం తిరగదు, ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. ఇది ఊహ మాత్రమే కాదు, దీనికి పక్క ఆటలో ఆధారముంది. నార్వేలో హ్యాండ్‌బాల్ ఆటగాళ్ళను గమనించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, చెక్క నేల కంటే ఎక్కువ పట్టుండే కృత్రిమ నేల మీద ఆడిన మహిళల్లో మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంట్ తెగే ముప్పు రెట్టింపుకు పైగా కనిపించింది. పురుషుల్లో ఆ తేడా స్పష్టంగా తేలలేదు. హ్యాండ్‌బాల్‌లో ఎవరూ కాలు పట్టుకుని లాగరు కాబట్టి దాన్ని నేరుగా కబడ్డీకి అంటగట్టలేం. అయినా మ్యాటు వచ్చింది గనుక ఆట భద్రమైందని ధీమాగా చెప్పడానికి మాత్రం అది అడ్డు.

మంచు మీది హాకీ నుంచి ఏం తీసుకోవచ్చు

చీరాల తీరానికి ఐస్ హాకీతో ఏం పని అని అడగవచ్చు. పని ఉంది. ఒంటిని ఒంటితో ఢీకొట్టే కాలేజీ ఆటల్లో గాయాల లెక్కనూ నిబంధనల మార్పునూ దశాబ్దాలుగా ఎదురెదురుగా పెట్టి చూసిన ఆట అది. అక్కడి తీర్పులు మనకు సరిపోకపోవచ్చు గానీ పద్ధతి సరిపోతుంది.

కెనడా విశ్వవిద్యాలయ హాకీలో 1997-98 సీజన్లో 22 జట్లకు చెందిన 642 మంది ఆటగాళ్ళను పరిశీలించారు. సగం జట్లు ముఖం మొత్తం కప్పే కవచం వేసుకున్నాయి, మిగతావి కళ్ళ వరకే కప్పే అర కవచం వేసుకున్నాయి. పూర్తి కవచం ఉన్నవాళ్ళకు ముఖానికీ పళ్ళకూ దెబ్బలు బాగా తక్కువ. తలకు దెబ్బ తగిలి మెదడు అదిరే కంకషన్‌లో, మెడ గాయాల్లో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ముఖం భద్రంగా ఉందన్న ధైర్యంతో ఇంకా మొరటుగా ఆడతారని కొందరికి భయం ఉండేది, ఆ భయానికి ఈ అధ్యయనంలో ఆధారం దొరకలేదు. అయితే ఇది చీటీ వేసి జట్లను పంచిన ప్రయోగం కాదని గుర్తుంచుకోవాలి. ఒక పరికరం ఒక గాయాన్ని తగ్గిస్తుంది, పక్కనున్న గాయాన్ని ముట్టుకోకపోవచ్చు. ఇందులోంచి నేను తీసుకునేది అంతవరకే.

అదే తర్కంతో కబడ్డీకి పళ్ళ రక్షణ గార్డు తెద్దామంటే ఓ చిక్కుంది. కూతకు వెళ్ళినవాడు ‘కబడ్డీ కబడ్డీ’ అని వినబడేలా అనాలి. నోట్లో గార్డు పెట్టుకుంటే ఆ మాట ముద్దగా వస్తుంది, కూత తెగిందని అంపైర్ అవుట్ ఇవ్వవచ్చు. పట్టు పట్టే యాంటీలు పెట్టుకోవచ్చు కదా అంటే మరుసటి కూతకు వెళ్ళేది ఆ యాంటీల్లో ఒకడే. మరో ఆట కోసం చేసిన వస్తువు మన బరిలోకి రాగానే ఆట స్వభావమే దానికి ఎదురు నిలుస్తుంది.

నిబంధన మార్పుకు బలమైన సాక్ష్యం పిల్లల హాకీ నుంచి వచ్చింది. ఒంటితో ఢీకొట్టి ప్రత్యర్థిని అడ్డుకోవడాన్ని అక్కడ బాడీ చెక్ అంటారు. పదకొండు పన్నెండేళ్ళ పిల్లలకు ఆల్బర్టాలో దాన్ని అనుమతించేవారు, క్విబెక్‌లో అనుమతించేవారు కాదు. 2010లో వచ్చిన అధ్యయనం రెండు రాష్ట్రాలనూ పోల్చి, అనుమతి ఉన్నచోట గాయాల ముప్పు దాదాపు మూడు రెట్లని తేల్చింది. 2013లో కెనడా ఆ వయసు పిల్లలకు బాడీ చెక్‌ను దేశమంతటా నిషేధించింది. ఆ తర్వాత ఆల్బర్టాలో గాయాల రేటు సుమారు సగానికి, కంకషన్ రేటు మూడింట రెండు వంతుల దాకా తగ్గినట్టు తర్వాతి అధ్యయనం చూపింది. ఇక్కడ ఎవరినీ మంచివాళ్ళుగా మార్చలేదు. ఏది చేస్తే లాభమో దాన్ని మార్చారు.

ఇంతలోనే ఓ అడ్డుపుల్ల. అమెరికా కాలేజీ హాకీలో మహిళల ఆటలో బాడీ చెక్ నిషిద్ధం. అయినా ఏడేళ్ళ లెక్కలు చూస్తే వెయ్యి ఆట-హాజరులకు (ఒక ఆటగాడు ఒక మ్యాచులోనో ప్రాక్టీసులోనో పాల్గొంటే ఒక ఆట-హాజరు) కంకషన్లు పురుషుల్లో 0.72, మహిళల్లో 0.82. నిషేధం ఉన్నచోట తక్కువ లేదు సరికదా, కాస్త ఎక్కువే. మహిళలు లక్షణాలను దాచకుండా చెప్పడం ఒక కారణం కావచ్చు, శరీర నిర్మాణం కావచ్చు, గోడకూ నేలకూ తగిలిన దెబ్బలు కావచ్చు. కారణం ఏదైనా, ‘తప్పును నిషేధిస్తే గాయం పోతుంది’ అన్న సూత్రం అన్నిచోట్లా నిలబడదని ఈ రెండు అంకెలు చెబుతున్నాయి. మన అమ్మాయిల జట్ల లెక్కను అబ్బాయిల లెక్కలో కలపకుండా విడిగా రాయాలనడానికీ ఇదే కారణం. వాళ్ళ బరి వేరు, 12 మీటర్లకు 8. అబ్బాయిలది 13కు 10. అర ఆట వాళ్ళకు 15 నిమిషాలు, వీళ్ళకు 20.

మన బరిలో గాయం ఎక్కడ పుడుతుంది

చండీగఢ్ పీజీఐ ఆసుపత్రి వైద్యులు మోకాలి గాయాలతో తమ దగ్గరికి వచ్చిన కబడ్డీ ఆటగాళ్ళ వివరాలు విశ్లేషించి 2017లో ప్రచురించారు. ఆ గాయాల్లో ఏసీఎల్ చిరుగులదే పెద్దపీట. ఈ పరిశోధన విలువైనది, దాని హద్దూ స్పష్టమే. పెద్దాసుపత్రి దాకా వెళ్ళినవాళ్ళే ఆ జాబితాలో ఉంటారు. భుజం జారి సర్దించుకున్నవాడు, వేలు విరిగి పుత్తూరు కట్టు వేయించుకున్నవాడు, ఆట మానేసి మిర్చి యార్డులో పనికి కుదిరినవాడు అందులో ఉండరు. ఎంతమంది ఆడితే ఎంతమందికి దెబ్బ తగిలిందో కూడా ఆసుపత్రి రికార్డు చెప్పలేదు.

పత్రికల లెక్క ఇంకో వైపు వంకరపోతుంది. 2021 జనవరిలో కడప జిల్లాలోని ఒక గ్రామ పోటీలో కూతకు వెళ్ళిన యువకుడు కుప్పకూలి చనిపోయాడు. ఆ వార్త రాష్ట్రమంతా చేరింది. అలాంటి మరణానికి దెబ్బ కారణమా, గుండె కారణమా అన్నది వైద్య పరీక్ష తేల్చాల్సిన సంగతి, దృశ్యం చూసి తీర్పు చెప్పకూడదు. మరణం వార్త అవుతుంది, లిగమెంట్ కాదు. కానీ లెక్కకు ఎక్కువగా తగిలేది రెండోదే.

నిబంధనలు నిషేధించినవి ఏవంటే: నోరు మూసో గొంతు నొక్కో కూత ఆపడం, కాళ్ళతో కత్తెర పట్టు వెయ్యడం, కావాలని బరి బయటికి నెట్టడం, కాళ్ళూ చేతులూ మొండెమూ కాకుండా జుట్టో బట్టలో పట్టుకోవడం, గాయమయ్యేంత దుడుకుగా పట్టడం. పచ్చ కార్డు హెచ్చరిక, పసుపు కార్డు రెండు నిమిషాల బహిష్కరణ, ఎర్ర కార్డు ఆ మ్యాచు నుంచి పూర్తిగా బయటికి. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? చిక్కంతా చివరి అంశంలో ఉంది. కత్తెర పట్టు కంటికి కనిపిస్తుంది, దుడుకుతనం అంచనాకు వదిలేసిన సంగతి. చీలమండ పట్టు నిబంధనకు లోబడిందే. కింద పడ్డాక ఆ చీలమండను ఇంకా తిప్పడం ఎప్పుడు దుడుకవుతుంది? నలుగురు చెయ్యీ చెయ్యీ కలిపి చైన్‌గా మీద పడితే, అడుగున ఉన్న కాలు ఎవరి బరువుకు విరిగినట్టు?

నా ఊహ ఒకటి చెబుతాను, ఊహగానే తీసుకోండి. కూతకు వెళ్ళిన రైడర్ కదల్లేని స్థితికి చేరిన క్షణానికీ అంపైర్ విజిల్‌కూ మధ్య ఉండే ఒకటి రెండు సెకన్లలో ప్రమాదం గుమిగూడుతుంది. రైడర్‌కు లొంగడానికి కారణం లేదు, వేలి కొన మధ్యగీతకు తగిలినా పాయింటే. యాంటీలకు వదలడానికి కారణం లేదు, సడలిస్తే పట్టినవాళ్ళందరూ అవుట్. ఈ లాక్కోవడం ఎవరి దుర్మార్గమూ కాదు, ఆట లెక్కే అలా కట్టారు. పాతరోజుల్లో ఊపిరి తెగితే ఆట ఆగేది. జనం అరుపుల్లో ఆ కూత ఇప్పుడు అంపైర్‌కు సరిగా వినబడదు, 30 సెకన్ల గడియారం చాలావరకు దాని పని చేస్తోంది.

కుస్తీలో కీలు విరిగేలా ఉన్న పట్టును రిఫరీ గాయమయ్యేదాకా ఆగకుండా ఆపేస్తాడు. రగ్బీ లీగ్‌లో పట్టుబడినవాణ్ణి ఇక కదల్లేడని రిఫరీ కేక వేసి ప్రకటిస్తాడు, వదిలెయ్యాలి. కబడ్డీలోనూ రెండు మోకాళ్ళూ నేలకు తగిలి, మీద ముగ్గురికి పైగా పడి, ముందుకు కదలిక లేకపోతే వెంటనే విజిల్ వెయ్యమని టోర్నీ మొదట్లోనే అంపైర్లకు చెప్పవచ్చు. దీనికీ ఓ మూల్యం ఉంది. పట్టు కింది నుంచి పాము జారినట్టు జారి గీత అందుకునే రైడర్ కోసమే కదా జనం వచ్చేది. ఆ క్షణాల్లో కొన్నిటిని తొందర విజిల్ మింగేస్తుంది. అందుకే దీన్ని ఒక సీజన్ కాలేజీ పోటీల్లో పరీక్షించి, గాయాల సంఖ్యతోపాటు వివాదాల సంఖ్యనూ రాసిపెట్టి చూశాకే నిబంధన చెయ్యాలంటాను.

శిక్షకంటే లాభం లెక్క

అమెరికాలోని మిన్నెసోటాలో 1990ల నడుమ ఒక యువ హాకీ టోర్నీలో ‘ఫెయిర్ ప్లే’ పాయింట్లు పెట్టి చూశారు. ఫౌళ్ళు పరిమితి దాటని జట్టుకు, గెలిచినా ఓడినా, ఒక అదనపు పాయింటు. ఆ నిబంధన ఉన్న మ్యాచుల్లో గాయాలూ తీవ్రమైన ఫౌళ్ళూ తక్కువగా నమోదయ్యాయి. కానీ దాన్ని తొలి దశలో పెట్టి, చివరి దశ మ్యాచులు మామూలు నిబంధనలతో ఆడించారు. ఫైనల్ దగ్గరపడేకొద్దీ ఆట వేడెక్కడం సహజమే. తేడాలో ఎంత పాయింటు వల్ల వచ్చిందో, ఎంత దశ వల్ల వచ్చిందో విడదీయలేం. ఆశ పెట్టుకోవచ్చు, రుజువైందనకూడదు.

మన అంతర్ కళాశాలల పోటీలు తరచుగా నాకౌట్-కమ్-లీగ్. ముందు ఓడినవాళ్ళు ఇంటికి, చివరి నాలుగు జట్లు ఒకదానితో ఒకటి ఆడతాయి. లీగ్ దశలో కార్డుల లెక్కను సమానమైన జట్లను విడదీయడానికి వాడవచ్చు. 2018 ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌లో జపాన్, సెనెగల్ అన్నిటా సమానమైతే పసుపు కార్డులు తక్కువున్న జపాన్ ముందుకెళ్ళింది. నాకౌట్ దశలో ఇది పనిచెయ్యదు. అక్కడ రెండు మ్యాచుల్లో రెండు పసుపు కార్డులు వస్తే మూడో మ్యాచు బయటే కూర్చోవాలన్నది సూటిగా ఉంటుంది.

కార్డుకు విలువ పెరిగితే దాన్ని తియ్యడానికి రిఫరీ చెయ్యి వెనకాడుతుంది. ఆతిథ్య కాలేజీ మైదానంలో, ఆ కాలేజీ పిల్లల కేకల మధ్య మరీనూ. 2002లో వచ్చిన ఒక ఫుట్‌బాల్ ప్రయోగంలో ఒకే వీడియోను కొందరు రిఫరీలకు జనం హోరుతో, కొందరికి శబ్దం లేకుండా చూపించారు. హోరు విన్నవాళ్ళు ఆతిథ్య జట్టు మీద ఫౌళ్ళు తక్కువ ఇచ్చారు. అవినీతి అక్కర్లేదు, చెవులుంటే చాలు. అందువల్ల పోటీలో లేని కాలేజీల నుంచి అంపైర్లను తేవడం, వెనక గీత దగ్గర ఒక ఫోనును స్టాండు మీద పెట్టి మ్యాచంతా రికార్డు చెయ్యడం కార్డు నిబంధనకు ముందు జరగాలి. రిఫరీ, ఇద్దరు అంపైర్లు, స్కోరర్, ఇద్దరు సహాయ స్కోరర్లు అని నిబంధన చెప్పిన ఆరుగురినీ చిన్న పోటీలోనూ నిలబెట్టడం ఇంకా ముందు.

పరీక్షకు అన్నిటికంటే ఎక్కువగా నిలబడింది మాత్రం వార్మప్. ఒంటికాలి మీద గెంతి నిలదొక్కుకోవడం, దూకి మోకాలు లోపలికి వంగకుండా దిగడం, తొడ వెనక కండరాలకూ నడుముకూ బలమిచ్చే కసరత్తులు, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, వారానికి రెండు మూడుసార్లు. ఫుట్‌బాల్‌లో ‘ఫిఫా 11+’ అనే ఇలాంటి కార్యక్రమం గాయాలను సుమారు మూడోవంతు తగ్గించిందని పలు అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి. ఎగ్గొట్టకుండా చేసిన జట్లలోనే ఆ ఫలితం బాగా కనిపించింది. కబడ్డీలో కాలు మరొకడి చేతిలో ఉంటుంది గనుక అంత ఫలితం రాకపోవచ్చు. అయినా పరికరం అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, నష్టం లేదు. వాడరేవు ఇసుకలో పరుగు పిక్కలకు మంచిదే గానీ, మ్యాటు మీద ఆగి తిరగడం ఇసుక నేర్పదు. రెండూ కావాలి.

న్యూజిలాండ్ 2001లో రగ్బీ కోచ్‌లకూ రిఫరీలకూ ఏటా భద్రతా శిక్షణ తప్పనిసరి చేసింది. వెనకటి ధోరణి ప్రకారం 2001-05 మధ్య శాశ్వతంగా కుంగదీసే వెన్నెముక గాయాలు 19 దాకా వస్తాయని అంచనా, వచ్చినవి 8. రెండు జట్లూ తలలు వంచి గుంపుగా తోసుకునే స్క్రమ్‌లో అయితే 9 అనుకున్నచోట 1. సంఖ్యలు చిన్నవి కాబట్టి తడబాటుకు చోటుంది. కానీ ఆ అంచనా వెయ్యగలగడానికే వాళ్ళ దగ్గర అంతకుముందు పాతికేళ్ళ రికార్డు ఉండాల్సి వచ్చింది.

ఒక పేజీ కాగితం

ఇక్కడే మన చిక్కు. మామూలు స్కోరు షీటులో ప్రతి పాయింటుకూ గడి ఉంటుంది, గాయానికి ఉండదు. 16 జట్ల నాకౌట్ పోటీ అనుకుందాం. 15 మ్యాచులు. మ్యాచుకు 14 మంది చొప్పున 210 ఆట-హాజరులు. అందులో ఒక్క మోకాలు పోతే వెయ్యికి సుమారు 5 అన్నమాట. ఏ ఒక్కటీ పోకపోతే? ముప్పు సున్నా అని కాదు. గణాంక శాస్త్రం ప్రకారం అసలు రేటు వెయ్యికి 14 దాకా ఉండి కూడా అదృష్టవశాత్తూ ఏమీ జరగకపోవచ్చు. ఒక్క ఏడాది పోటీతో ఏదీ రుజువు కాదు, నాలుగైదేళ్ళు ఒకే తీరులో రాయాలి.

హాజరు కంటే కూతల లెక్క మన ఆటకు న్యాయమైన కొలత. అవుటైనవాళ్ళు బయట కూర్చుంటారు, వాళ్ళకు ఆ సేపు ముప్పు లేదు. మ్యాచుకు దాదాపు 80 కూతలు అనుకుంటే 15 మ్యాచులకు 1200. గాయం కూతకు వెళ్ళినవాడికా, పట్టినవాడికా, ఏ పట్టులో, విజిల్‌కు ముందా వెనకా, ఫౌల్ ఇచ్చారా లేదా, మట్టా మ్యాటా, ఎన్నో నిమిషం అన్నవి రాస్తే పేజీ నిండుతుంది. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన ‘మొరటు ఆట వేరు, గాయం వేరు’ అన్న మాట తప్పో ఒప్పో కూడా ‘ఫౌల్ ఇచ్చారా’ అన్న ఆ ఒక్క గడే తేలుస్తుంది. గాయాల్లో అధికభాగం ఫౌల్ గడిలో పడితే నా అంచనా తప్పు, కార్డులే మందు.

తల అదిరిన అనుమానం ఉంటే ఆ రోజు మళ్ళీ ఆడించకూడదన్నది ఇప్పుడు ప్రపంచమంతా ఒప్పుకున్న వైద్య నియమం, దానికి కాగితం నిండేదాకా ఆగనక్కర్లేదు. మోకాలికి అంత సులువైన నియమం లేదు. ‘టప్’మన్న శబ్దం, కొన్ని గంటల్లోనే వాపు, నడుస్తుంటే మోకాలు జారినట్టనిపించడం ఏసీఎల్ అనుమానానికి గుర్తులు. ఎక్స్-రే ఎముకను చూపిస్తుంది గానీ లిగమెంట్‌ను చూపించదు. ‘ఎక్స్-రేలో ఏమీ లేదన్నారు’ అని వారంలో మళ్ళీ బరిలోకి దిగే పిల్లల్లో, తెగిన లిగమెంట్‌తో ఆడి మోకాలి లోపలి మెత్తటి మృదులాస్థిని కూడా చింపుకునేవాళ్ళు ఉంటారు. అందుకని గాయం కాగితం మ్యాచు రోజుతో ముగియకూడదు. ఏడో రోజున ఒకసారి, ఆరో వారంలో ఒకసారి, ఆ కుర్రాడి కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ (పీడీ) గారికి నిర్వాహకులు ఫోన్ చేసి మూడే అడగాలి: వాపు తగ్గిందా, మెట్లు దిగగలుగుతున్నాడా, మళ్ళీ ఆడుతున్నాడా. కాగితం మీద కుర్రాడి పేరుండనక్కర్లేదు, జెర్సీ నంబరూ పీడీ గారి ఫోను నంబరూ ఉంటే సరిపోతుంది.